పత్తి కుప్ప మీద తెల్ల కుక్క

ఉత్తర ధ్రువం దగ్గరి తెల్ల ఎలుగుబంట్లన్నీ ఏటా మంచు మీద అడుగు పెట్టే ముందు ఉట్నూర్ బస్టాండు వెనక ఉండే అంబదాస్ తాతను అడిగి మరీ పెడతాయి. ఆయన ఊ అంటే కదులుతాయి. ఊహూ అంటే ఒడ్డునే కూర్చుని గోళ్లు కొరుక్కుంటాయి. ఈ మాట నమ్మని వాళ్లు కరీంనగర్ వెళ్లి జానకీబాయి టీచరమ్మను అడగొచ్చు. ఆవిడ అబద్ధం ఆడదు. ఆడింది ఒక్కటే ఒక్కటి, అదీ ముప్పై ఏళ్ల కిందట మొదలైంది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

నిజానికి తాత మంచును చూసింది ఫ్రిజ్‌లోనే. పై అర గడ్డకట్టినప్పుడల్లా స్క్రూడ్రైవర్ పట్టుకుని, ఇంజను విప్పుతున్నంత శ్రద్ధగా గీకుతాడు. ఉత్తరం దిక్కున ఆయన పోయిన అతి దూరపు ఊరు నాగపూర్. అక్కడ కూడా రెండు డజన్ల సంత్రా పండ్లు కొనుక్కుని ఆ సాయంత్రం బస్సుకే తిరిగొచ్చాడు, జీపు ఒంటరిగా ఉందన్న దిగులుతో.

ఆయన పుట్టింది భైంసా దగ్గర. తండ్రి పత్తి బండి తోలేవాడు. చదువు మూడో తరగతి, అదీ మరాఠీలో. మనవరాలు నవీన ఇంటర్ దాకా పోయి తెలుగులో ఆపింది. చదువు ఆపడంలో ఆ ఇంట్లో తరాల నుంచి పోటీ ఉంది, ఇప్పటివరకు తాతదే మొదటి స్థానం. పద్దెనిమిదో ఏట ఎవరో సేటు జీపు కడగడానికి కుదిరి, కడుగుతూ కడుగుతూనే నడపడం నేర్చి, ఉట్నూర్ అడవి ఊళ్లకు జీపు తోలడం మొదలుపెట్టాడు. నలభై ఒక్క సంవత్సరాలు తోలాడు. తొమ్మిది మంది కోసం చేసిన బండిలో పంతొమ్మిది మందిని ఎక్కించేవాడు. పైన కోళ్ల గంపలు, వెనక రేకు పట్టుకుని వేలాడే పెళ్లికొడుకు. అయినా ఒక్కరు కూడా కింద పడలేదని ఆయన చెప్పుకుంటాడు. ఆయన భార్య శంకరవ్వను అడిగితే మాత్రం, "ఒక్కడు పడ్డడు. గాయిన్నే నేను పెండ్లి చేసుకున్న" అంటుంది.

తాతకు రెండు అలవాట్లు. మొదటిది క్యాలెండర్. ఇంట్లో ఒకే మేకుకు ముప్పై ఒక్క ఏళ్ల క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి వేలాడుతుంటాయి. వాటి మీద అక్షరాలేమీ ఉండవు, బొమ్మలే. ఇప్పపువ్వు రాలడం మొదలైన రోజున చిన్న పువ్వు. వాగు పొంగి దారి ఆగిన రోజున మూడు వంకర గీతలు. దారిలో ఎలుగు కనిపించిన రోజున రెండు చెవుల గుండ్రటి మొహం. ఆ మొహం అచ్చం తన తమ్ముడిలా ఉంటుందని శంకరవ్వకు కోపం. ఎలుగు ఎప్పుడు కనిపిస్తుందని ఎవరైనా అడిగితే తాత నెల పేరు చెప్పడు. "అది ఏం తింటదో చూడు. గది ఎప్పుడు పండుతదో చూడు. గప్పుడు నీ కండ్ల ముందట ఎంత వెలుగుంటదో చూడు. మూడు కలిస్తేనే బండెక్కు" అంటాడు. ఆయన లెక్కలో ఎలుగుకు తిండి ఎంత ముఖ్యమో, చూసేవాడికి వెలుతురు అంత ముఖ్యం.

రెండో అలవాటు, జీపులో విన్నమాట జీపు దిగనివ్వకపోవడం. ఎవరు ఎవరితో వెళ్లిపోవాలనుకుంటున్నారు, ఎవరి భూమి ఎవరి చేతికి పోతోంది, ఏ సారుకు ఏ జబ్బు, అన్నీ ఆయన వీపు వెనకే నడిచేవి. ఆయన మాత్రం అద్దంలో రోడ్డునే చూసేవాడు. అందుకే ఆఫీసర్లూ అడవివాళ్లూ సమానంగా ఆయన జీపు ఎక్కేవారు.

వంశీధర్‌రావు అలా ఎక్కినవాడే. గిరిజన సంక్షేమ కార్యాలయంలో ఇంజనీరుగా పది సంవత్సరాలు ఉట్నూర్‌లో ఉన్నాడు. ఆయన భార్య జానకీబాయి అక్కడి ఆడపిల్లల హాస్టల్ బడిలో సాంఘికశాస్త్రం చెప్పేది. బదిలీ అయి కరీంనగర్ వెళ్లిపోయి, రిటైరై, ఇల్లు కట్టుకున్నా ఏడాదికోసారి ఇద్దరూ తాత ఇంటికి వస్తారు. శంకరవ్వ చేసే జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పోతారు.

మొన్నటి నవంబర్‌లో అలాగే వచ్చారు. ఈసారి వంశీధర్‌రావు చేతిలో ఒక కాగితాల కట్ట ఉంది. టీ తాగకముందే దాన్ని మంచం మీద పరిచాడు. కాగితాల నిండా తెల్ల ఎలుగుబంట్లే.

"మా ఇంటామెకు ఎలుగును చూడాలెనట అంబదాస్" అన్నాడు ఆయన. "గిక్కడిది కాదు. ధ్రువంలది. ముప్పై ఏండ్లు పిల్లలకు పటం మీద చూపెట్టింది గద, ఇగ కండ్లతోని చూస్తదట."

"చూడనీ సారూ. మీకేం పాయె" అన్నాడు తాత.

"నాదేం పోదు గని, టైం లేదు." వంశీధర్‌రావు గొంతు తగ్గించాడు, భార్య పక్కనే ఉన్నా. "ఆమె కండ్లు చూసిన డాక్టర్ చెప్పిండు. పక్కల నుంచి చూపు మూసుకొస్తుందట. ఒక ఏడాది, ఎక్కువల ఎక్కువ రెండు. చూసేది ఉంటే ఇప్పుడే చూడుమన్నడు. రెండోపారి పోవుడు కుదరది. పోయినప్పుడే కనబడాలె."

జానకీబాయి నవ్వింది. "అట్ల మొహం పెట్టకుర్రి. నేనేమన్న పోతున్ననా? కండ్లే గద." అని టీ సాసర్ కోసం చెయ్యి చాచింది. శంకరవ్వ తెల్ల సాసర్‌ను తెల్లటి సున్నం కొట్టిన అరుగు మీద పెట్టింది. టీచరమ్మ వేళ్లు సాసర్ పక్కనే అరుగును రెండుసార్లు తడిమి, మూడోసారికి అందుకున్నాయి. ఆ సంగతి తాత ఒక్కడే చూశాడు. చూసి, అలవాటు ప్రకారం రోడ్డు వైపు చూపు తిప్పాడు.

వంశీధర్‌రావు కాగితాలు చదువుతున్నాడు. కెనడాలో హడ్సన్ అఖాతం ఒడ్డున చర్చిల్ అనే చిన్న ఊరు. అక్కడికి రోడ్డు లేదు, రైలో విమానమో ఎక్కాలి. ఈ మాటకు తాత కొంచెం నొచ్చుకున్నాడు. రోడ్డు లేని ఊరును ఊరుగా ఒప్పుకోవడం ఆయనకు కష్టం. అయితే ఎలుగులను చూపించే బండ్లకు మనిషంత ఎత్తు టైర్లు ఉంటాయని వినగానే ఆ ఊరిని క్షమించాడు.

"అక్టోబర్ ఆఖరు నుంచి నవంబర్ నడిమి దాక. గదే అసలు సీజన్" అన్నాడు వంశీధర్‌రావు. "ఏది తెరిచినా గదే రాసిండ్రు."

"గప్పుడు అది ఏం తింటది సారూ?"

"ఏం తినది. ఉపాసముంటది. సముద్రం గడ్డకట్టాలె, గప్పుడు దాని మీదికి పోయి సీల్ జంతువులను వేటాడతది. గడ్డకట్టేదాక ఒడ్డు పొంటి కాచుకుంట కూసుంటది."

"అంటే బస్సు కోసం కాచుకున్నట్టు."

"అచ్చం గంతే."

"అయితే దొరుకుతది" అన్నాడు తాత, మంచి మెకానిక్‌ను మెచ్చుకున్నట్టు. "బస్టాండుల దొరకని మనిషి ఉండడు. మరి గప్పుడు పొద్దు ఎన్నింటికి గూకుతది?"

"నాలుగున్నరకే. చలి దేశం గద. పొద్దంత మబ్బే ఉంటదట."

తాత చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. బీడీ తీసి, వెలిగించకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అది ఆయన బాగా ఆలోచిస్తున్నాడనడానికి గుర్తు. లేదంటే అగ్గిపెట్టె శంకరవ్వ దాచిందనడానికి గుర్తు. ఆ రోజు అగ్గిపెట్టె జేబులోనే ఉంది.

"నవీనా, ఫోన్ల చూడు బిడ్డా. తక్కిన నెలలల్ల ఏముంటదో చదువు" అన్నాడు.

నవీన చదివింది. జులై, ఆగస్టులో సముద్రం మీద మంచు కరుగుతుంది, ఎలుగులు ఒడ్డుకు ఈదుకొస్తాయి. నేల మీద మంచు ఉండదు. గడ్డి, రాళ్లు, గులాబీ రంగు పువ్వులు. రాత్రి పదింటి దాకా వెలుతురు. ఎలుగులు మాత్రం తక్కువ, అక్కడొకటి ఇక్కడొకటి. దోమలు మెండు.

"దోమల కోసం కెనడా పోవాల్నా? ఉట్నూర్ల కరువున్నయా?" అన్నాడు వంశీధర్‌రావు.

జానకీబాయికి కూడా ఆ మాట నచ్చలేదు. "నాకు మంచు మీద నడుస్తుంటే చూడాలె అంబదాస్" అంది నెమ్మదిగా. "పిల్లలకు నేను చెప్పింది అట్లనే. అంతట తెల్లగ, నడుమ అది తెల్లగ. బోర్డు మీద సుద్దముక్కతోని గీసి, ఏదీ కనబడుతలేదు టీచర్ అంటే, గందుకే దానికి వేట దొరుకుతది అని చెప్పేదాన్ని."

"చూసినవా" అన్నాడు భర్త. "నవంబరే. ఈ ఏడు అయిపాయె, వచ్చే ఏటికి. నెలాఖరుల టూర్ వాళ్లకు మాట ఇయ్యాలె."

తాత వాళ్లను కారు దాకా సాగనంపి వచ్చి, మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. "మంచు అంటే ఫ్రిజ్ గీకుడే ఎరుక, గీయినకు ధ్రువం గురించి ఫికర్" అంది శంకరవ్వ. ఆయన మనసు ధ్రువం దగ్గర లేదు. ముప్పై సంవత్సరాల వెనక, ఒక ఇప్పచెట్టు దగ్గర ఉంది.

అది మార్చి నెల. టీచరమ్మకు అప్పుడు ముప్పై మూడేళ్లు. అడవిలో ఎలుగును చూపించకపోతే జీపు నడపడం మానేస్తానని తాత పంతం పట్టి, దంపతులను సాయంత్రం తీసుకువెళ్లాడు. తిండి లెక్క సరిగ్గా వేశాడు. ఇప్పపువ్వు నేల నిండా రాలి ఉంది, కాలమూ సరిపోయింది. మూడో లెక్క, వెలుతురు లెక్క మాత్రం తన కళ్లతో వేసుకున్నాడు, ఆవిడ కళ్లతో వేయలేదు. పొద్దు గూకింది. నూరు అడుగుల దూరంలో, ఎడమ పక్క పుట్ట దగ్గర ఎలుగు వచ్చి పువ్వులు ఏరుకుని తినసాగింది. వంశీధర్‌రావు సంబరంతో భార్య భుజం తట్టాడు. ఆవిడ, "చూసిన, చూసిన. ఎంత ముద్దుగున్నదో" అంది. అద్దంలో తాతకు ఆవిడ చూపు కనిపించింది. ఆవిడ కుడి పక్కకు చూస్తోంది. అక్కడ కాలిపోయిన మోడు ఒకటి ఉంది. దాన్ని చూసి మురిసిపోతోంది.

ఆవిడ భర్త సంతోషం పాడు చేయడం ఇష్టం లేక అలా అంది. సాయంత్రమైతే తనకు చూపు ఆనదని అప్పటికి ఎవరికీ చెప్పుకోలేదు. వంశీధర్‌రావు ఆ ఎలుగు కథను పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. ఆవిడ తలాడిస్తూనే ఉంది. తాత మాత్రం ఆ రోజు క్యాలెండర్ మీద ఎలుగు మొహం గీయలేదు. ఎలుగు వచ్చినా గీయని రోజు అదొక్కటే.

ఇప్పుడు ఆయనకు భయం పట్టుకుంది. అంత దూరం పోయి, అంత పెద్ద టైర్ల బండి ఎక్కి, తెల్లటి మంచు మీద తెల్లటి జంతువు, నాలుగున్నరకు పొద్దు గూకే చోట, ఈ మనిషి మళ్లీ ఏ మంచుదిబ్బనో చూసి "చూసిన, చూసిన" అంటుంది. అంతటితో అయిపోతుంది. ఆ కళ్లకు రెండో అవకాశం లేదు.

"మరి చెప్పరాదు తాతా? ఫోన్ చెయ్" అంది నవీన, సంగతి లాగి లాగి తెలుసుకున్నాక.

"ఏమని చెప్పాలె? సారూ, మీ ఇంటామె ముప్పై ఏండ్ల నుంచి అబద్ధమాడుతుందని చెప్పాల్నా? గది ఆమె దాచిపెట్టుకున్న మాట. జీపుల చూసింది నేను దింపుతనా?"

"మరెట్ల?"

"ఆమెనే దించుకోవాలె" అన్నాడు తాత.

రెండు రోజులు బీడీ తీస్తూ పెడుతూ గడిపాడు. మూడో రోజు కరీంనగర్‌కు తనే ఫోన్ చేశాడు. "సారూ, అంత దూరం పోయే ముంగట మంచు ఎట్లుంటదో ఒకసారి చూపిస్త రారి. భైంసాల ఉన్నది" అన్నాడు. వంశీధర్‌రావు ఫోన్‌లోనే పెద్దగా నవ్వాడు. నవ్వి, వచ్చాడు. తాత పిలిస్తే రాకపోవడం అనేది ఉండదు.

భైంసాలో తాత చెల్లెలి కొడుకు ఒక పత్తి మిల్లులో పని చేస్తాడు. నవంబర్ చివరి వారంలో ఆ మిల్లు ఆవరణ చూడాలి. ఊళ్ల నుంచి వచ్చిన పత్తి ఒకటో రెండో కుప్పలు కాదు, గుట్టలు. వాటి మీద నడిచే హమాలీలు మోకాళ్ల దాకా దిగబడుతుంటారు. ఎండ పడితే కళ్లు జిగేల్‌మంటాయి. గేటు దగ్గర బీడీలు, అగ్గిపెట్టెలు లాక్కుంటారు, నిప్పు భయం. ధ్రువానికి పోవాలంటే ఏం వదులుకోవాలో తాతకు అక్కడే తెలిసింది. బీడీ కట్ట అప్పగించేటప్పుడు ఆయన మొహం చూసి కాపలాదారు, "సాయంత్రం ఇచ్చేస్తం కాకా, ఏడవకు" అన్నాడు.

మధ్యాహ్నం మూడు గంటలు. జానకీబాయి చీర కొంగు సర్దుకుని ఆ పత్తి గుట్టల ముందు నిలబడి, చిన్నపిల్లలా చేతులు జోడించింది. "అబ్బ, ఇట్లనే ఉంటదేమో" అంది.

"ఇట్లనే ఉంటది. గీ మంచుల ఒక ఎలుగు సుత ఉన్నది, చూడుర్రి" అన్నాడు తాత.

ఎలుగు అంటే మిల్లు కుక్క. తోక నుంచి మూతి దాకా పాలలా తెల్లటిది. పొద్దున్నే తాత దానితో స్నేహం చేసుకున్నాడు, శంకరవ్వ కట్టి ఇచ్చిన జొన్నరొట్టెల్లో మూడు దానికే పోయాయి. నాలుగో రొట్టె ఆశ పెట్టి తాత పంపితే అది పత్తి కుప్ప మీదికెక్కి, చుట్టూ తిరిగి, హాయిగా పడుకుంది.

"ఓహో, కనబడ్డది" అన్నాడు వంశీధర్‌రావు. "భలే తెచ్చినవోయ్ ఎలుగును. చూసినవా జానకీ?"

"చూసిన, చూసిన" అంది జానకీబాయి. "ముద్దుగున్నది."

ఆవిడ ఎడమ పక్క కుప్పను చూస్తోంది. కుక్క కుడి పక్క కుప్ప మీద ఉంది.

ఈసారి అద్దం లేదు. వంశీధర్‌రావు ఆవిడ పక్కనే, మొహంలో మొహం పెట్టి నిలబడ్డాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. భార్య చూపు వెంబడి చూశాడు, అక్కడ పత్తి తప్ప ఏమీ లేదు. కుక్కను చూశాడు. మళ్లీ భార్యను చూశాడు. తాత దూరంగా జరిగి, ఎవరిదో ట్రాక్టర్ టైరును పరీక్షించడం మొదలుపెట్టాడు. దానిలో పరీక్షించాల్సింది ఏమీ లేదు.

"ఎక్కడున్నది జానకీ?" అన్నాడు వంశీధర్‌రావు మెల్లగా.

ఆవిడ చెయ్యి ఎత్తబోయి దించేసింది. హమాలీల అరుపులు వినబడుతున్నాయి. "నాకు కనబడుతలేదండి" అంది చివరికి. "ఆనాడు సుత కనబడలే. ఇప్పచెట్టు కాడ. మీరు అంత సంబరపడుతుంటే చెప్ప బుద్ధి కాలే."

"ఆనాడు సుతనా?"

"ఆనాడు సుత."

వంశీధర్‌రావు కోప్పడతాడేమోనని, తాతతో వచ్చిన నవీన భయపడింది. ఆయన కోప్పడలేదు. "మరి ముప్పై ఏండ్లు నేను గా కథ జెప్తుంటే?" అన్నాడు. "మంచిగ చెప్తరు మీరు. మీరు చెప్తుంటేనే నాకు కనబడేది" అంది ఆవిడ. ఆయన చేతి రుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

ఈ గొడవ కుక్కకు పట్టలేదు. నాలుగో రొట్టె తాత జేబులోనే ఉండిపోయిందని దానికి అర్థమై విసుగొచ్చినట్టుంది. లేచి, ఒళ్లు దులుపుకుని, గోడ కూలిన చోటు నుంచి అవతలికి దూకింది. అవతల శనగ చేను. మోకాలెత్తు కూడా లేదు, పచ్చగా కొత్త ఆకు. కుక్క ఆ పచ్చలో నడుచుకుంటూ పోయి, నడుమ ఆగి, చెవి గోక్కుంది.

"అదేనా?" అంది జానకీబాయి.

వంశీధర్‌రావు ఆవిడ చూపు వెంబడి తల తిప్పాడు.

"అదిగో, చేన్ల. వెనక కాలుతోని చెవి గోక్కుంటుంది. ఇప్పుడు కూసున్నది. ఇటు దిక్కు చూస్తుంది." ఆవిడ వేలు సరిగ్గా కుక్క మీదే ఉంది, బాణంలా. నూరు అడుగులకు మించే ఉంటుంది దూరం.

తాత ట్రాక్టర్ టైరును వదిలి వచ్చాడు. "సారూ, ఎలుగుకు మంచి సీజన్ వేరు, టీచరమ్మకు మంచి సీజన్ వేరు. పది ఎలుగులు కనబడని కాడికంటె ఒక్కటి కనబడే కాడికి తోలుకపోరి" అన్నాడు. "దోమలది ఏమున్నది, ఉట్నూర్ల దోమలు కుట్టినంక ఎక్కడి దోమన్న చిన్నదే."

పొద్దు గూకేదాకా వాళ్లు అక్కడే ఉన్నారు. వంశీధర్‌రావే ఇంజనీరు బుద్ధితో పరీక్ష కొనసాగించాడు. నాలుగింటికి చేనులో కుక్క కనబడింది. అయిదింటికి మసకగా కనబడింది. అయిదున్నరకు పచ్చలో కూడా కనబడలేదు. ఆయన ప్రతి అరగంటకూ గడియారం చూసి, భార్యను అడిగి, టూర్ కాగితం వెనక రాసుకున్నాడు. రాయడం అయ్యాక ఆ కాగితంలో నవంబర్ అన్నచోట అడ్డంగా గీత కొట్టాడు.

"గని మంచు?" అంది జానకీబాయి. ఆ ఒక్క మాటలో ఆవిడ ముప్పై ఏళ్ల బోర్డు, సుద్దముక్క, పిల్లలు అన్నీ ఉన్నాయి. పోవడం ఆగలేదు కానీ, మనసులో గీసుకున్న బొమ్మను చెరుపుకోవలసి వచ్చింది. తాత పత్తి దగ్గరికి నడిచాడు. కుప్పలోంచి గుప్పెడు పత్తి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "గిది ఉంచుకోర్రి" అన్నాడు. ఆవిడ దాన్ని నవ్వుతూ పర్సులో పెట్టుకుంది. గేటు దగ్గర తాతకు బీడీలు తిరిగి దక్కాయి.

జులై చివరి వారంలో దంపతులు వెళ్లారు. వెళ్లిన రోజు నుంచి తాత ఇంట్లో ఎవరికీ నెమ్మది లేదు. అక్కడ ఎంతైందని నవీనను గంటకోసారి అడిగేవాడు. మనకు తెల్లారితే వాళ్లకు ఇంకా ముందు రోజు సాయంత్రమేనని చెబితే, "గది ఏం కాలం, గదేం పద్ధతి" అని ఆ దేశం మీద విసుక్కున్నాడు. అంతకన్నా పెద్ద పరేషాన్ ఇంకొకటి ఉంది. అది ఒక్క శంకరవ్వకే చెప్పాడు. "చూసిన అని చెప్తది. చూడకున్నా చెప్తది. నాకు సంబరం కావాలని. నేనెట్ల తెలుసుకోవాలె?"

ఆగస్టులో వాళ్లు తిరిగొచ్చి, అలసట తీరకముందే ఉట్నూర్ వచ్చారు. వంశీధర్‌రావు ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. ఎక్కువ భాగం ఆయన బొటనవేలివే. మిగిలినవాటిలో గులాబీ పువ్వుల చేను, దానిలో మట్టి అంటిన దూదిపరుపు లాంటిది ఏదో. అయిదు రోజుల్లో కనబడింది రెండు ఎలుగులేనట. ఒకటి చాలా దూరంగా, ఒకటి దగ్గరగా.

"చూసిండ్రా టీచరమ్మా?" అన్నాడు తాత. గొంతు ఎప్పటిలాగే పెట్టడానికి చాలా కష్టపడ్డాడు.

"చూసిన అంబదాస్."

తాత ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ మాట ఆయన ఇంతకు ముందూ విన్నాడు.

ఆవిడకు అర్థమైంది. లేచి వచ్చి ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుంది. "అది తెల్లగ లేదు" అంది. "నేను పిల్లలకు ముప్పై ఏండ్లు తప్పు చెప్పిన. పాత నెయ్యి రంగు. నడుము కాడ ఇంకా ఎర్రగ. పువ్వుల నడుమ బోర్ల పండుకున్నది, రెండు చేతుల మీద గదువ పెట్టుకుని, మన శంకరవ్వ మధ్యాన్నం పండుకున్నట్టు."

"నన్నెందుకు తెస్తవమ్మా నడుమల" అంది శంకరవ్వ.

"ఆవులించింది. గప్పుడు నాలుక చూసిన. నల్లగున్నది అంబదాస్. నేరేడు పండ్లు తిన్న పిల్లల నాలుక ఉంటది చూడు, అచ్చం గట్ల. ఈయనేమో ఫోన్ తిప్పుకుంట, ఏది నాలుక, ఏది నాలుక అన్నడు. అప్పటికే మూసింది."

"నేను చూడలే" అని ఒప్పుకున్నాడు వంశీధర్‌రావు. "ఇప్పటికి సుత నమ్ముతలేను. ఎలుగుకు నల్ల నాలుక ఏంది?"

తాత నవీన వైపు చూశాడు. నవీన ఫోన్‌లో వెతికింది. తెల్ల ఎలుగుబంటి బొచ్చు కింద తోలు నల్లగా ఉంటుంది, నాలుక కూడా నలుపు నీలం కలిసిన రంగులో ఉంటుంది అని చదివింది. వాళ్లు తెచ్చిన ఏ కాగితంలోనూ ఆ ముక్క లేదు. ఎవరో ఆవిడకు చెప్పింది కాదు. ఆవిడ ఒక్కతే చూసింది.

తాత మంచం దిగాడు. గోడ దగ్గరికి వెళ్లి, పాత క్యాలెండర్లను ఒక్కొక్కటిగా ఎత్తి, ఎత్తి, అట్టడుగున ఉన్నదాన్ని బయటికి తీశాడు. అంచులు చెదలు తిన్నాయి. మార్చి నెల తెరిచాడు. ఖాళీగా ఉన్న ఒక గడిలో పెన్సిల్‌తో గుండ్రంగా మొహం గీసి, రెండు చెవులు పెట్టాడు. ఆ తర్వాత, అంతవరకు ఏ మొహానికీ పెట్టని నాలుకను నోట్లోంచి గీసి నల్లగా రుద్దాడు. ఈ ఎలుగును ఈ ఏటి క్యాలెండర్ మీద గీయాలి కదా తాతా అని నవీన అంటే, "ఇది ఆనాడు బాకీ వడ్డ ఎలుగు" అన్నాడు. బొమ్మ ఇప్పుడు కూడా తన తమ్ముడిలాగే ఉందని శంకరవ్వ గొణిగింది, నాలుక అయితే మరీ.

వానలు తగ్గాక ఇదంతా నవీన రాసి, మొదటి నుంచి చివరి దాకా తాతకు చదివి వినిపించింది. ఎలుగుబంట్లు ఆయనను అడిగి అడుగులేస్తాయన్న చోట బాగా గొంతు పెంచింది, మెచ్చుకుంటాడని. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అంతా అయ్యాక బీడీ తీసి, ఈసారి వెలిగించాడు.

"ఎలుగు నన్నెందుకు అడుగుతదే పోరీ? మొదటి ముక్క కొట్టెయ్. చూపెట్టింది నేను కాదు, కుక్క. దాని పేరు సోన్యా, గది యాడ రాసినవ్? కొట్టేసిన జాగల గది రాయి."